సాగనంపే బీరు

ఐలర్ట్ గింజ కొరికాడు. కొరికి, మంచం పక్కనున్న గిన్నెలో తుపుక్కున ఉమ్మేశాడు.

“ఇది మాల్టా, గులకరాయా? నన్ను పాతిపెట్టి వచ్చినవాళ్ళకి దీంతో కాచిన బీరు పోస్తావా?”

ఓలీన తలెత్తలేదు. “మళ్ళీ చేస్తాన్లే” అంది.

హేగ్రా లోయలో మనిషి మంచం పట్టాడంటే ముందు నానేది బార్లీ. డాక్టరు ఆ తర్వాత. నానబెట్టి, మొలకెత్తించి, ఆల్డర్ కట్టెల పొగ మీద ఆరబెడితే మాల్ట్ అవుతుంది. ఆ మాల్ట్‌తో కాచిన బీరు తాగి ఊరు పోయినవాణ్ణి సాగనంపుతుంది. సాగనంపి ఊరుకోదు, బీరును బట్టి మనిషికి వెల కడుతుంది. అందులోనూ ఐలర్ట్ అంటే మాటలా? ఎవరింటి మాల్ట్ అయినా ఒక్క గింజ కొరికి, మొలకకి కాపలా కాస్తూ ఎన్నో రోజున నిద్రపోయారో చెప్పగల ఘనుడు. అలాంటివాడి చావుకి పచ్చి బీరు పోస్తే సమాధిలో కూడా సిగ్గుతో పొర్లాల్సిందే.

“డాక్టరు రెండు వారాలన్నాడు, పన్నెండు రోజులు అప్పుడే అయిపోయాయి” అంది ఓలీన.

“అననీ. సరైన మాల్ట్ నా పంటికింద పడేదాకా నేను కదిలేది లేదు. కావాలంటే ఆ దేవుణ్ణి గుమ్మంలో కూచోమను.”

పన్నెండు రోజుల తర్వాత రెండో విడత వచ్చింది. ఐలర్ట్ వాసన చూసి ముఖం తిప్పుకున్నాడు.

“ఏమే, ఇది బీరుకా, చేపలు ఎండబెట్టడానికా? తడికట్టె వేశావు.”

“వేశానేమో. మళ్ళీ చేస్తాను.”

మూడో విడతలో మొలక పొట్టు దాటి బయటికి పొడుచుకొచ్చింది. గింజలో ఉన్న తీపంతా మొలకే మింగేసింది.

“పట్టుకెళ్ళి పొలంలో చల్లుకో” అన్నాడు. అన్నాడేగాని, ఈసారి నోట్లో ఆ మాట చేదుగా తగిలింది. నలభై నాలుగేళ్ళ కాపురంలో ఓలీన చేతి మాల్ట్ ఒక్కసారీ చెడిపోయి ఎరగదు. ఇప్పుడు వరసగా మూడు. దీనికి చెయ్యి పోయింది, కన్ను పోయింది. నేను పోయాక ఒక్కతే ఎలా బతుకుతుంది?

ఆ సాయంత్రం ఓలీన పాలు పితకడానికి వెళ్ళగానే పక్క పొలం హాల్వర్ పిల్లిలా లోపలికొచ్చాడు. మాల్ట్ ఆరబెట్టే పొగపొయ్యి రెండిళ్ళకీ ఒకటే.

“ఐలర్ట్, ఒక మాట చెప్తాను. తిట్టకూడదు.”

“తిట్టే ఓపిక లేదు, చెప్పు.”

“ఓలీనా వదిన కావాలనే చెడగొడుతోందిరా.”

“నీకు మతిపోయిందా?”

“ఈ కళ్ళతో చూశాను. మొదటిసారి నిండా మొలకరాకుండానే పొయ్యి మీదికి ఎక్కించింది. రెండోసారి ఎండుకట్టె పక్కనే పెట్టుకుని తడిది వేసింది. ‘వదినా, పొగ కమ్మేస్తోంది’ అని అరిచాను. ‘నీ పని చూసుకో’ అంది. మొన్న మొలకలు పొట్టు దాటి పోతుంటే పక్కనే కూచుని మేజోళ్ళు అల్లుకుంటోంది! నువ్వు ఆవిణ్ణి ఏమన్నావో ఏమో, కక్షగట్టింది.”

ఐలర్ట్ పైకప్పు దూలాలకేసి చూస్తూ వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టాడు.

“ఒరే, నేను మంచం పట్టి ఎన్నాళ్ళయింది?”

“ఆరో వారం.”

“డాక్టరు ఎన్నన్నాడు?”

“రెండు. అయితే?” హాల్వర్‌కి ఇంకా తలకెక్కలేదు. ఐలర్ట్‌కి మాత్రం ముసలికళ్ళు చెమర్చాయి. ఊళ్ళో అందరి గింజల్లో ఏముందో చెప్పిన తనకు, ఇంట్లో మనిషి గుండెలో ఏముందో తెలియడానికి మూడు విడతలు పట్టింది.

“నువ్వేం బెంగపెట్టుకోకు” అంటూ హాల్వర్ జేబులోంచి చిన్న సంచి తీశాడు. “నీ పరువు నా పరువు కాదూ? ఆవిడకి తెలియకుండా నా బార్లీతో నేనే చేశాను. కొరికి చూడు.”

సరిగ్గా అప్పుడే ఓలీన పాలబక్కెట్‌తో గుమ్మంలోకి వచ్చింది. మొగుడి అరచేతిలో గింజలు చూసింది. ఆమె ముఖంలో నెత్తురుచుక్క లేదు. బక్కెట్ దించడం కూడా మరిచిపోయింది.

ఐలర్ట్ కొరికాడు. గింజ కరకరమని విరిగి, నోట్లో పిండిలా రాలి, తీపి ఊరింది. ఆ తీపి వెనకే పొగ, ఎంత కావాలో అంతే. విరిగిన సగం గింజతో మంచం పట్టె మీద గీశాడు. బడిలో సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీత పడింది; మాల్ట్ సరిగ్గా కుదిరిందనడానికి అదే గుర్తు. ఏళ్ళ తరబడి ఎంతమంది గింజలో కొరికాడు గానీ, ఇంతటి మాల్ట్ అతని పంటికింద పడలేదు.

“ఎలా ఉంది?” హాల్వర్ ఛాతీ అప్పటికే ఉబ్బింది.

ఐలర్ట్ ఓలీనకేసి చూశాడు. మెల్లిగా చెయ్యి జరిపి, ఆ తెల్లగీతను అరచేత్తో కప్పేశాడు.

“పచ్చిగా ఉందిరా హాల్వర్, పనికిరాదు. ఓలీనా, ఇంకో మూట నానబెట్టు. తొందరేం లేదు.”