కుందేలు చెవులు

"పోలీసులకు ఎవరి పేరు చెప్పమంటావ్? ముందు అది చెప్పు!"

పెద్ద సిస్టర్ టేబుల్ మీద కొట్టిన దెబ్బకు థర్మామీటర్ల గ్లాసు ఎగిరిపడింది. పిల్లల వార్డు పక్కనున్న డ్యూటీ రూమ్ అది. గోడ మీది టీవీలో ఒకటే వార్త మళ్ళీ మళ్ళీ వస్తోంది. సముద్రం అవతలి దేశంలో వచ్చిన భూకంపం పేరు చెప్పి విరాళాలు గుంజిన సేవా సంస్థ ఒకటి ఉత్తదని తేలింది. ఆఫీసు లేదు, మనుషులు లేరు. ఉన్నదల్లా ఒక వెబ్‌సైటు, ఎవరిదో దొంగపేరు మీద ఒక బ్యాంకు ఖాతా.

చిన్న సిస్టర్ గోడకు ఆనుకుని నిలబడింది. వార్డులో అందరి దగ్గరా విరాళాలు పోగు చేసింది ఆమె. ఆ సంస్థకు పంపిందీ ఆమే.

"నేను చిల్లిగవ్వ ముట్టలేదక్కా."

"నేను నమ్ముతానే. సూపరింటెండెంటుగారు నమ్మొద్దూ? సాయంత్రంలోగా రాసిమ్మన్నారు. ఇంకెవరి పేరూ దొరక్కపోతే నీ పేరే రాయాలి. ఉద్యోగం సంగతి దేవుడెరుగు, జైలుకెళ్తావే పిచ్చిదానా!"

మూలన నిలబడ్డ ఆయా ముక్కు చీదింది. "నా చెవిపోగులు తీసి నీ చేతిలో పెట్టాను కదమ్మా. ఆ టీవీలో పిల్లలను చూడలేక."

తలుపు దబాల్న తెరుచుకుంది. చిన్న సిస్టర్ భర్త. ఆఫీసు నుంచి ఉన్నపళంగా వచ్చినట్టున్నాడు, చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"ఆమెను ఏమీ అనకండి," అన్నాడు రొప్పుతూ. "ఆ సంస్థల వివరాలు వెతికి తెచ్చింది నేను. ఐదు తెచ్చాను. నాలుగింటికీ ఏదో ఒక లోపం. ఒకటి లెక్కలు చూపించదు, ఒకటి సగం సొమ్ము జీతాలకే పెడుతుంది. ఐదోది కూడా వద్దన్నాను. ఏడ్చే పిల్లల ఫొటోలు చూసి ఇవ్వకు, అలాంటివి ఎవరైనా ఎక్కడైనా తీయొచ్చు అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. వినలేదు. జాలిగుండె. అది నేరమైతే నా పేరు కూడా రాసుకోండి."

పెద్ద సిస్టర్ మెత్తబడింది. "మొగుడంటే నువ్వేనయ్యా. మా ఇంట్లోనూ ఉన్నాడొకడు, రిమోటు పోతే తప్ప లేవడు."

నిజమే, అతను వద్దన్నాడు. చిన్న సిస్టర్‌కు బాగా గుర్తుంది. ఫోన్‌లో అరచేతంత ఫొటో. కూలిన ఇంటి మధ్య రెండు చేతులతో ముఖం కప్పుకుని కూర్చున్న పిల్ల, జుట్టంతా సున్నపు దుమ్ము. "మన బుజ్జి ఈడే ఉంటుందండీ" అంటూ కళ్ళు తుడుచుకుంది. "సరే, నీ ఇష్టం" అన్నాడతను.

"అదిగో, ఆ ఫొటోయే!" అంది ఆయా టీవీ చూపిస్తూ.

ఫోన్‌లో ఆ పిల్ల నడుం దాకానే కనిపించింది. టీవీ వాళ్ళకు పూర్తి ఫొటో ఎక్కడ దొరికిందో, కాళ్ళతో సహా చూపిస్తున్నారు. పెద్ద సిస్టర్ కళ్ళజోడు సర్దుకుంది. తర్వాత టీవీకి ముక్కు తగిలేంత దగ్గరకు వెళ్ళింది.

"ఆ మోకాలి కట్టు చూశారా?"

కట్టు కొసలు రెండూ కుందేలు చెవుల్లా పైకి నిక్కి ఉన్నాయి. పిల్లలు ఏడుపు మానడానికి చిన్న సిస్టర్ కనిపెట్టిన కట్టు. వార్డులో అందరూ నేర్చుకోబోయారు. వాళ్ళు కడితే చెవులు వాలిపోతాయి.

"ఇది నీ చేతి కట్టే!" అరిచింది పెద్ద సిస్టర్. "భూకంపమూ లేదు, పాడూ లేదు. మన వార్డు పిల్లకే ఎవడో ఫొటో తీశాడు!"

"మన వార్డులో తెల్లగుడ్డే కదమ్మా," అంది ఆయా. "అది పసుపు రంగు. పైన నీలం చుక్కలు."

చిన్న సిస్టర్ టీవీ దగ్గరకు వచ్చింది. బుజ్జి సైకిల్ మీంచి పడిన సాయంత్రం ఇంట్లో కట్టుగుడ్డ అయిపోతే, తలగడ గలీబు చింపి కట్టింది. పసుపు రంగు, నీలం చుక్కలు. మర్నాడే వంటిల్లు పెద్దది చేద్దామని గోడ పగలగొట్టించారు.

"అక్కా... అది నా కూతురు. మా వంటింటి గోడ కూల్చాం, ఆ పెళ్ళలే అవి."

"గోడ కూల్చిన రోజు ఇంట్లో ఎవరున్నారు?" పెద్ద సిస్టర్ అడిగింది.

"నేను డ్యూటీలో ఉన్నాను. మా తమ్ముడు సెలవు పెట్టి కూలీల దగ్గరున్నాడు."

"నేను ఆ ఉదయమే ఆఫీసు క్యాంపుకెళ్ళానండి," అన్నాడు భర్త.

"నీ తమ్ముడిది కంప్యూటర్ల పనే కదూ?"

"మొన్న కొత్త బండి కూడా కొన్నాడు," అన్నాడు భర్త మెల్లగా. వెంటనే నాలుక కరుచుకున్నాడు. "ఛ! వాణ్ని అనుమానించకండి. పసివాడు."

చిన్న సిస్టర్ అప్పటికే ఇంటికి ఫోన్ కలిపి స్పీకర్ నొక్కింది. భర్త చెయ్యి చాపాడు. "పిల్లనెందుకు బెదరగొడతావ్? ఇంటికెళ్ళి నెమ్మదిగా అడుగుదాం."

"ఇక్కడే తేలాలయ్యా," అంటూ పెద్ద సిస్టర్ అడ్డం నిలబడింది.

"అమ్మా!" అంది ఫోన్‌లో బుజ్జి.

"బుజ్జీ, వంటింటి గోడ పగలగొట్టిన రోజు నిన్ను ఆ పెళ్ళల మీద కూర్చోబెట్టి ఫొటో తీశారా?"

"చెప్పకూడదు. ఒట్టు వేశాను."

"అమ్మకు చెప్పొచ్చు తల్లీ."

"ఏడవమంటే నాకు ఏడుపు రాలేదమ్మా. అందుకే ముఖం మూసుకోమన్నాడు. ఐస్‌క్రీం ఇప్పిస్తానన్నాడు. ఇప్పించనేలేదు."

చిన్న సిస్టర్ కుర్చీలో కూలబడింది. ఎత్తుకుని పెంచిన తమ్ముడు. "రాసుకో అక్కా," అంది. "వాడి పేరే రాసుకో."

పెద్ద సిస్టర్ పెన్ను అందుకుంది. "ఒక్కమాట బుజ్జీ. తీసింది మీ మామయ్యేనా?"

"మామయ్య కాదు, నాన్న."