పెద్ద డ్రైవరుకు పరీక్షలు

"ఈ సూదిలో కాస్త దారం ఎక్కించి పెడతారా?" అంటూ సూదీ దారపుండా తెచ్చి ముందు పెట్టింది భార్య.

పెద్ద డ్రైవరు టీ గ్లాసు కింద పెట్టి ఆవిడ వంక అనుమానంగా చూశాడు. పెళ్లయిన నాటి నుంచీ అతని చొక్కాలకి గుండీలు కుట్టిందే తప్ప, అతని చేతికి సూది ఇచ్చిన పాపాన పోలేదు. సరిగ్గా లారీ లైసెన్సు గడువు తీరబోయే నెలలోనే ఎందుకివ్వాల్సి వచ్చింది?

దారం కొస తడిచేసి ఒక్క దెబ్బకి ఎక్కించేశాడు. "చాలా? ఇంకేమైనా ఉందా?"

"ఈ మాత్రల మీద తారీఖు కూడా చూసి పెట్టండి. దాటిపోయిందేమో."

"నీ కళ్లజోడేదీ?"

"ఎక్కడో పెట్టాను. వెతుక్కోవాలి."

మాత్రల అట్ట మీది సన్నక్షరాలన్నీ పక్కింటికి వినపడేలా చదివాడు పెద్ద డ్రైవరు. విషయం అర్థమైపోయింది. ఇది పరీక్ష.

లారీ షెడ్డులో అందరూ పెద్ద డ్రైవరని పిలిచే అతనికి అరవై దాటాయి. 'ఈసారి రెన్యువల్ వద్దు నాన్నా, ఇక చాలు' అని కూతురు ఫోన్లో ఒకటే పోరు. 'కొత్త లైసెన్సు చేతికొచ్చేదాకా ఇంటి పట్టున ఉండు, వచ్చాక బండి నీదే' అన్నాడు ఓనరు. నిజానికి తనే ఎటూ తేల్చుకోలేకపోతున్నాడు. మోకాళ్లు ఒక మాట చెబుతున్నాయి, మనసు ఇంకో మాట చెబుతోంది. ఈ లోపల తల్లీకూతుళ్లు కూడబలుక్కుని, తన చూపు పోయిందని తేల్చే పనిలో పడ్డారన్నమాట.

ముఖం మీదే అడిగేశాడు. "నువ్వేమంటావు? చేయించుకోనా, మానుకోనా?"

"చేయించుకోండి. బండి ఎక్కకపోతే మీకు ముద్ద దిగదు. నా గురించి ఆలోచించకండి."

"నీ గురించి ఆలోచించడానికి ఏముంది?"

"ఏం లేదు. అదే అంటున్నాను."

నోట్లో చక్కెర, కడుపులో కత్తెర అనుకున్నాడు పెద్ద డ్రైవరు.

సాయంత్రం కూరగాయలకి బయల్దేరితే మెట్ల దగ్గర అతని చెయ్యి పట్టుకుంది. ఎప్పుడైనా అతను చెప్పులు వేసుకునేలోపే వీధి చివరికి చేరి, బేరాలు మొదలుపెట్టే మనిషి ఆవిడ.

"ఎప్పుడూ లేనిది ఈ చెయ్యేంటి?"

"మెట్లు అరిగిపోయాయి కదండీ."

తన నడక తూలుతోందేమో కనిపెడుతోంది. కావాలనే చెయ్యి విడిపించుకుని, రెండేసి మెట్ల చొప్పున టకటకా దిగి చూపించాడు. మోకాలు కలుక్కుమన్నా పైకి తెలియనివ్వలేదు.

వీధిలోకి రాగానే మళ్లీ మొదలు. "ఎదురుగా వస్తున్నది ఎవరండీ?"

"పక్కింటి టైలరు. అంత దూరం నుంచే పోల్చుకున్నాను. గుర్తుపెట్టుకో, మీ అమ్మాయికి చెబుదువుగాని."

ఇంటికొచ్చి అతను కాళ్లు కడుక్కుంటుంటే, వంటింట్లోంచి గుసగుసలు వినిపించాయి. ఆవిడ ఫోన్లో కూతురితో అంటోంది.

"నాన్నకి తెలియనివ్వకు. లైసెన్సు సంగతి తేలేదాకా నోరు మెదపకు, నీకు పుణ్యముంటుంది."

పెద్ద డ్రైవరు చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఎక్కడో అడ్డుపుల్ల వేసే ఉన్నారు. అప్పటిదాకా ఊగిసలాడిన మనసు ఆ క్షణంలో గట్టిపడిపోయింది. మోకాళ్లు అరిగితే అరిగాయి, రెన్యువల్ చేయించుకుని తీరాల్సిందే.

మర్నాడు పొద్దున్నే చొక్కా తొడుక్కుంటూ, "పద, కంటి డాక్టరు దగ్గరికి. సర్టిఫికెట్ కావాలి" అన్నాడు.

"నేనెందుకండీ?"

"సాక్ష్యానికి."

ఆవిణ్ణి బయట బల్ల మీద కూర్చోబెట్టి లోపలికెళ్లాడు. డాక్టరమ్మ ఓపిగ్గా చూసింది. బోర్డు మీద అట్టడుగు వరసదాకా చదివించింది. రంగు చుక్కల్లో అంకెలు చెప్పించింది. పక్క చూపు చూసింది. చివరికి సర్టిఫికెట్ మీద సంతకం పెడుతూ, "ఈ వయసులో ఇలాంటి కళ్లు అరుదండీ. నిక్షేపంగా లారీ నడుపుకోవచ్చు" అంది.

"ఒక్క నిమిషం. ఆ మాట మా ఆవిడ కూడా వినాలి" అని తలుపు తీసి పిలిచాడు.

ఆవిడ తలుపు అంచు పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. డాక్టరమ్మ ఆ మాటే మళ్లీ చెప్పింది. ఆవిడ ముఖం విప్పారింది.

"హమ్మయ్య. అయితే బండెక్కుతారు కదా?"

"ఎక్కుతాను. నీ పరీక్షలన్నీ వమ్మైపోయాయి పాపం."

"నేనేం పరీక్షలు పెట్టానండీ?"

"తెలియనట్టు అడుగుతావేం?"

డాక్టరమ్మ మాత్రం అతని మాట వినడం లేదు. ఆవిడనే కన్నార్పకుండా చూస్తోంది. "అమ్మా, మీరూ ఒకసారి కూర్చోండి. చూస్తాను."

"నాకెందుకండీ? నేనేమైనా లారీ నడపాలా?" అంటూ ఆవిడ వెనక్కి జరిగింది.

పెద్ద డ్రైవరుకి మహా సరదా వేసింది. భార్య భుజాలు పట్టుకుని తన కుర్చీలో కూర్చోబెట్టాడు. "కూర్చో, కూర్చో. పరీక్షంటే ఎలా ఉంటుందో నీకూ తెలియాలి."

డాక్టరమ్మ బోర్డు మీద లైటు వేసింది. "పై వరసలో ఒకే ఒక్క అక్షరం ఉందమ్మా, అరచెయ్యంత. అదేమిటో చెప్పండి చాలు."

ఆవిడ తల కాస్త అటూ ఇటూ తిప్పి, మెల్లగా అడిగింది.

"బోర్డు ఏ వైపు గోడకుందండీ?"