మాటంటే నోటితో అనేది

"జెండా తగలబెట్టడం మాట ఎలా అవుతుందోయ్? మాటంటే నోటితో అనేది," అన్నారు జడ్జిగారు, కంచం ముందు కూర్చుంటూ.

భార్య కూర వడ్డించింది. ఏమీ అనలేదు.

వారం రోజులుగా ఆ ఇంట్లో భోజనాల దగ్గర ఇదే వాదన. వాదనంటే ఇద్దరుండాలి కదా. ఇక్కడ ఆ ఇద్దరూ ఆయనే.

కేసు చిన్నదే. గడియారాలు బాగుచేసుకునే ఒకతను పెద్దాఫీసు మెట్ల మీద జాతీయ జెండా కాల్చాడు. రెండేళ్ల కిందట అతని తమ్ముణ్ణి పోలీసులు పట్టుకెళ్లారు. ఎక్కడున్నాడని అడిగితే చెప్పే నాథుడు లేడు. పద్నాలుగు అర్జీలు పెట్టాడు. పద్నాలుగింటి మీదా 'అందినది' అని ముద్ర కొట్టి నకలు చేతిలో పెట్టారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. పదిహేనోసారి కాగితం బదులు అగ్గిపెట్టె తీసుకెళ్లాడు.

నేరం రుజువైతే మూడేళ్ల దాకా జైలు. అలా కాల్చడం కూడా మాట్లాడే హక్కు కిందికే వస్తుందని జడ్జిగారు ఒప్పుకుంటే, ఆ సాయంత్రమే ఇంటికి పోతాడు.

"నువ్వేమంటావు?" అని అడిగారు భార్యని.

ఆవిడ మంచినీళ్ల గ్లాసు ఆయన ముందు ఠక్కున పెట్టింది.

"అర్థమైందిలే. వదిలెయ్యమంటావు."

జడ్జిగారికి ఆ విద్య బాగా వచ్చు. ముప్పై ఒక్క ఏళ్ల కాపురం మరి. గ్లాసు నెమ్మదిగా పెడితే సరేనని. ఠక్కున పెడితే కాదని. కూరలో ఉప్పు ఎక్కువైతే కోపం, అసలు వెయ్యకపోతే మహా కోపం. ఈమధ్య ఆయన ఉప్పు లేని కూరలే ఎక్కువ తింటున్నారు. కిక్కురుమనకుండా తింటున్నారు.

"మా ఇల్లు కూడా కోర్టేనయ్యా," అన్నారొక రోజు బెంచి క్లర్కుతో. "కాకపోతే అవతలి పక్షం నోరు విప్పదు."

క్లర్కు నవ్వబోయి, ఎందుకో ఆపుకుని, ఫైళ్లు సర్దుకున్నాడు.

ఆఖరి వాయిదా రోజు జడ్జిగారే ముద్దాయిని అడిగారు. "చెప్పదలుచుకున్నది నోటితో చెప్పొచ్చుగా?"

"చెప్పానండి. రెండేళ్లు చెప్పాను. ఎవరికీ వినపడలేదు. కాల్చాక ఒక్క నిమిషంలో అందరికీ వినపడింది. అది మాట కాకపోతే ఇంతమంది ఎందుకండీ పరిగెత్తుకొచ్చారు?"

హాల్లో ఎవరో దగ్గారు.

"అయినా అది గుడ్డముక్కండి," అన్నాడతను మెల్లిగా. "మా తమ్ముడు మనిషి."

"గుడ్డముక్క కాదు." కలం జడ్జిగారి చేతిలోంచి జారి బల్ల కింద పడింది. "దానికోసం ఎవరెవరు ఏమేం ఇచ్చుకున్నారో నీకేం తెలుసు?"

క్లర్కు వంగి కలం తీసి ఇచ్చాడు. ఆయన మొహంలోకి మాత్రం చూడలేదు.

ఆ రోజు తీర్పు కాగితాలు ఇంటికి తెచ్చుకున్నారు. భోజనం అయ్యాక భార్య ముందు పరిచారు. ఇంకా సంతకం పెట్టలేదు.

"రెండేళ్లు వేశాను. నీకిష్టం లేదని తెలుసు. ఒక పని చెయ్యి. నోరు తెరిచి వద్దను. ఒక్క మాట చాలు. ఇప్పుడే, నీ ఎదురుగానే చించేస్తాను."

ముప్పై ఏళ్ల సర్వీసులో ఏ తీర్పునీ బేరానికి పెట్టని మనిషి. ఆవిడ పెదాల వంకే చూస్తూ కూర్చున్నారు. పెదాలు కదిలాయి. గొంతు మాత్రం రాలేదు. ఆవిడ కంచాలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

"మౌనం అర్ధాంగీకారం అన్నారు," అనుకున్నారు జడ్జిగారు, తనకి తనే. సంతకం పెట్టారు.

మర్నాడు తీర్పు చదివారు. గడియారాలతను ఏడవలేదు, అరవలేదు. చేతికున్న పాత వాచీ విప్పి క్లర్కుకిచ్చాడు. "మా తమ్ముడిదండి. రోజూ పొద్దున్నే కీ ఇవ్వాలి, లేకపోతే ఆగిపోతుంది," అన్నాడు. క్లర్కు కళ్లు తుడుచుకుంటూ తీసుకున్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి జడ్జిగారు చెప్పులు విప్పుతూనే చెప్పేశారు. "మూడేళ్లు పడాల్సింది, రెండేళ్లతో సరిపెట్టాను. ఏం చెయ్యను? మాట వేరు, మంట వేరు."

ఆవిడ టీ తెచ్చింది. గ్లాసు బల్ల మీద పెట్టలేదు, చేతికే ఇచ్చింది. ఇది దేనికి గుర్తో ఆయనకి తెలియలేదు.

కాసేపటికి పడగ్గదిలో పాత బీరువా తలుపు కిర్రుమంది. ఆ చప్పుడు ఆ ఇంట్లో విని చాలా రోజులైంది. ఇంకాసేపటికి ఏదో మాడు వాసన.

"కూర అంటుకుంటోందేమో చూడవోయ్," అన్నారు. లేచి వంటింట్లోకి వెళ్లారు. పొయ్యి వెలిగించనే లేదు. పెరటి తలుపు బార్లా తీసి ఉంది.

బట్టలుతికే రాయి దగ్గర ఆవిడ నిలబడి ఉంది. రాయి మీద మడత విప్పిన పెద్ద గుడ్డ. ఒక అంచు అప్పటికే అంటుకుంది. ఆవిడ మంట వంక చూడటం లేదు. నేరుగా ఆయన కళ్లలోకి చూస్తోంది.

జడ్జిగారు ఆపబోలేదు. గడప మీదే కూలబడిపోయారు.

ఆయన పట్టుబట్టి సైన్యంలో చేర్పించిన ఒక్కగానొక్క కొడుకు శవపేటిక మీద కప్పి తెచ్చిన జెండా అది. ఆ పేటిక గుమ్మంలోకి వచ్చిన పదకొండు నెలల తర్వాత ఆవిడ ఆయనతో అన్న మొదటి మాట కూడా అదే.