పాత ఫాంట్లు

నరసరావుపేటలోని ఆ ఫొటో స్టూడియోలో ఇరవై రెండేళ్లుగా ఏ పెళ్లి ఫొటో కావాలన్నా సాంబమూర్తినే పిలిచేవారు. ఫోల్డర్లో ఫోల్డరు పెట్టిన ఆ చిక్కుముడి ఆయనొక్కడికే తెలుసు. ఇప్పుడు ఊళ్లోని అన్ని కంప్యూటర్లలాగే అక్కడా ఫోల్డర్లు పోయాయి. తెల్లటి తెర మీద "ఏం కావాలి?" అనే ఒక్క గడి మిగిలింది. ఆయన్ను పిలిచేవాళ్లే లేరు.

ఆ రోజు ఒకాయన పదో పెళ్లిరోజుకని తన పెళ్లి ఫొటోలు అడిగాడు. కొత్తగా చేరిన రెహానా తెరకు ఒక్క మాట చెప్పేసరికి అన్నీ వచ్చేశాయి.

"భలే ఉందమ్మా మీ మిషను!" అన్నాడాయన.

సాంబమూర్తికి ఒళ్లు మండిపోయింది. "అన్నీ రావులే. పెళ్లికూతురు ఏడుస్తున్న ఫొటో తియ్యమను, చూద్దాం!" అన్నాడు. దాన్ని తొమ్మిది ఫోల్డర్ల అడుగున, "పాత ఫాంట్లు" అన్న పేరుతో దాచింది తనే.

రెప్పపాటులో వచ్చింది. మేడమెట్ల కింద ఎవరో యువకుడి చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది పెళ్లికూతురు.

భర్త మొహంలో నవ్వు ఆగిపోయింది. "ఎవరండీ ఇతను?"

ఇన్నేళ్లలో అందరూ సాంబమూర్తిని వెతకమనే అడిగారు. "చెరిపెయ్యమాక బాబాయ్, ఎవరికీ కనపడనియ్యమాక" అని దాచమన్నది ఆ పెళ్లికూతురు ఒక్కతే.

సాంబమూర్తి తెరంతా తడిమాడు. దాచడానికి ఎక్కడా చోటు లేదు.

"ఇంకేం కావాలి?" అని అడిగింది గడి.