మాల్‌లో కాకి

నాగావళి ఏరు పొంగి మాల్‌లోని చెప్పుల షాపులోకి వచ్చిన ఏడాదే అసిరయ్య వాళ్లన్న గౌరయ్య పోయాడు. ఆ మాల్ మొదట్లో ఒక బట్టల కొట్టు. తర్వాత సంత, బస్టాండు, బడి ఒక్కొక్కటే దాని కప్పు కిందికొచ్చాయి. చివరికి ఊరంతా లోపలే మిగిలింది. ఎండా లేదు, వానా లేదు, కాకులూ లేవు.

పదోరోజున అరిటాకులో పిండం పెట్టి అందరూ పైకి చూశారు. కాకి ముట్టందే ఇంట్లో ఎవరూ ముద్ద ఎత్తకూడదు.

"కాకి సర్వీసుంది కదా తాతా!" అంటూ మాల్ మేనేజరు మీట నొక్కాడు. మర కాకి ఒకటి ఎగిరొచ్చి కావుమని అరిచి, పిండాన్ని టక్కున పొడిచింది.

"చూశావా చిన్నాన్నా, నాన్నకి ఏ కోరికా మిగల్లేదు," అన్నాడు గౌరయ్య కొడుకు, విస్తరి ముందుకు లాక్కుంటూ.

అసిరయ్య నోరు తెరిచేది తక్కువ. "మీ కాకి ఎప్పుడన్నా ముట్టకుండా పోయిందా బాబూ?" అని మేనేజర్ని అడిగాడు.

"అబ్బే! పోయినవాళ్ల దగ్గర్నుంచి ఇంతవరకూ ఒక్క ఫిర్యాదూ రాలేదు."

"మా అన్న బతికున్నన్నాళ్లూ ఏదో ఒక వంక పెట్టకుండా ముద్ద ముట్టినోడు కాదు," అని అసిరయ్య విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. ఆ పూట పస్తున్నాడు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ పిండం వండించి, నిచ్చెనెక్కి, కప్పు అద్దం ఒకటి ఊడదీశాడు.

"దిగు తాతా, ఏసీ గాలంతా పోతోంది!" అని కింద మేనేజరు మైకులో మొత్తుకుంటున్నాడు.

అసిరయ్య పిండమున్న అరచేతిని ఎండలోకి చాపి, "కా... కా..." అని పిలిచాడు.