నాలుగో భాష

“రోగి పుట్టకముందే వస్తే ఏం చేయాలో చెప్పమంటోంది బావా,” అన్నాడు బావమరిది, కంప్యూటర్ మీంచి కళ్ళు తిప్పకుండా.

పళ్ళ డాక్టరు చేతి తొడుగులు విప్పుతూ ఆగిపోయాడు. “ఎవరు?”

“ఈ కంప్యూటర్ భాషే. వయసు సున్నాకంటే తక్కువుంటే ఏం చేయాలో రాసేదాకా ఒక్క అడుగు కదలనంటోంది. మహా పట్టింపు దీనికి.”

“నేనడిగింది వచ్చినవాళ్ళకి ఒకటీ, రెండూ, మూడూ అని చీటీలివ్వడమే కదోయ్.”

“పని చిన్నదే బావా. భాషలతోనే తంటా.”

ఆ తంటా మొదలై పదకొండు నెలలైంది. మొదటి భాష ఏం రాసినా సరేనంది. తీరా నడిపిస్తే ఒకటి తర్వాత పది, పదకొండు ఇచ్చి, ఆనక తీరిగ్గా రెండు ఇచ్చింది. రెండోదానికి ఎవరెవరో రాసిపెట్టిన నాలుగు వందల ప్రోగ్రాము ముక్కలు దించుకోవాలి. దించుకున్న మర్నాడే అందులో ఒకాయన అలిగి తన ముక్క వెనక్కి తీసుకుంటే మొత్తం ఆగిపోయింది. మూడోది ఇదిగో, ఈ పట్టింపుది. చీటీల పెట్టె మాత్రం మొదటి వారంలోనే తయారైపోయింది. బీరువా అంత చెక్కపెట్టె. ముందువైపు బటన్, చీటీ జారే సందు, కింద గాలాడటానికి కంతలు. స్టోర్ గది గుమ్మానికి అడ్డంగా, పనీపాటా లేకుండా నిలబడి ఉంది.

ఈలోగా హాల్లో ‘నేను ముందంటే నేను ముందు’ అని రోజూ గొడవే. మొన్న పన్ను నొప్పితో వచ్చిన ఇద్దరు కలబడి, నొప్పి లేని పళ్ళు ఊడగొట్టుకున్నారు. సగం మంది పక్క వీధి డాక్టరు దగ్గరికి మళ్ళిపోయారు.

“సోమవారం పదింటికి పెట్టె పనిచేయాలి. లేదంటే అది వీధిలో, నువ్వు మీ ఇంట్లో,” అన్నాడు డాక్టరు.

“కొత్తగా ఇంకో భాష వచ్చింది బావా...”

డాక్టరు వినిపించుకోలేదు.

ఆ మాట ఇంట్లో మాత్రం గొంతు తగ్గించి చెప్పాడు. తమ్ముడంటే భార్యకు ప్రాణం. ఆవిడ బట్టలు మడతపెడుతూనే, “సోమవారం దాకా ఆగండి. వాడు చేసి చూపిస్తాడు,” అంది. ఆ నెమ్మది చూసి డాక్టరుకు మరీ భయమేసింది.

సోమవారం పొద్దున్నే ఆవిడ అక్కగారింటికని బయల్దేరింది.

“సాక్సులెక్కడ? నిన్నే, సాక్సులెక్కడా?”

“కుర్చీ మీద. ఒక్కసారి అడిగితే చాలు,” అంటూ గుమ్మం దాటేసింది.

డాక్టరు చేతికందినవి తొడుక్కుని పరుగెత్తాడు.

పదింటికి మొదటి రోగి బటన్ నొక్కాడు. లోపల టకటకమంది. చీటీ జారింది. ఒకటి. తర్వాత రెండు. తర్వాత మూడు. డాక్టరు ఊపిరి పీల్చుకున్నాడు. ఒక పెద్దాయన తొందరపడి రెండుసార్లు నొక్కితే, చీటీ మీద అంకె కింద ‘ఒక్కసారి నొక్కితే చాలు’ అని వచ్చింది. పెద్దాయన బుద్ధిగా వెళ్ళి కూర్చున్నాడు.

“ఇదెక్కడి భాషోయ్? మనుషుల్ని అదుపులో పెడుతోంది.”

“నాలుగోది బావా. దీనికి అన్నీ తెలుసు.”

పదకొండింటికి పెట్టె పది నిమిషాలు ఆగింది. “లోపల చెత్త ఏరుకుంటోంది. ఏ భాషకైనా మధ్యలో ఇది తప్పదు,” అని, బావమరిది ఫ్లాస్కు పట్టుకుని పెట్టె వెనక్కి నడిచాడు.

ఒంటిగంటకల్లా ముప్పై ఆరు మంది వచ్చి వెళ్ళారు. ఒక్క గొడవ లేదు, ఒక్క పన్ను అనవసరంగా ఊడలేదు. డాక్టరు సంతోషంగా బావమరిది భుజం తట్టి, “నిన్ను అనవసరంగా తిట్టాను. ఇలాంటిదాన్ని నెత్తిన పెట్టుకుని చూసుకోవాలోయ్,” అన్నాడు.

“ఆ మాట మీదే ఉండు బావా.”

హాలు ఖాళీ అయ్యాక డాక్టరు ముచ్చటపడి తనే వెళ్ళి బటన్ నొక్కాడు. ఆగలేక మళ్ళీ నొక్కాడు. కాసేపు చప్పుడు లేదు. తర్వాత టకటక కాస్త ఎక్కువసేపే సాగింది. చీటీ జారింది. కళ్ళజోడు సర్దుకుని చదివాడు.

“ఏమండీ, ఎడమకాలి సాక్సు నీలం రంగుది.”