జిమొగోర్స్క్‌లో ఎంగిలి గిన్నెలు

"చీపురు కింద పెట్టు, ఉల్యానా!"

యెవ్సేయ్ కేకకి రేవులో వాలిన సముద్రపు పక్షులు లేచిపోయాయి. ఉల్యానా మాత్రం ఉలకలేదు. ఏటా వేసవిలో వచ్చి ఊళ్ళోని టూరిస్టుల హోటల్లో వండిపెట్టే మనిషి. ఆయన కేకలు ఆమెకి కొత్త కాదు.

"పొద్దున పడవలో వెళ్ళినవాళ్ళు ఇంకా చేరలేదు. చేరామని రేడియోలో కబురొచ్చాక ఊడువు. మనిషి గడప దాటగానే ఇల్లు ఊడిస్తే, అంట్లు తోమితే, ఆ మనిషి మళ్ళీ తిరిగొస్తాడా?"

"వెళ్ళింది టూరిస్టులు బాబాయ్. ఊడ్చినా ఊడవకపోయినా మళ్ళీ రారు. నా సూప్ తాగారుగా!"

అయినా చీపురు మూల పెట్టింది. ముసలాయన ఇవాళ అసలే నిప్పుల మీద ఉన్నాడు.

జిమొగోర్స్క్ ఒకప్పుడు బొగ్గుగని ఊరు. తవ్విన బొగ్గంతా తవ్వేవాళ్ళు చలి కాచుకోవడానికే సరిపోయేది. ఈ లెక్క పైవాళ్ళకి తెలిసేసరికి అరవై ఏళ్ళు పట్టింది. తెలిశాక గని మూసేశారు. ఇప్పుడు ఊళ్ళో ఎవరూ లేకపోవడమే ఊరికి ఆదాయం. ఖాళీ బడి, ఖాళీ ఆసుపత్రి, ఖాళీ ఈతకొలను చూడ్డానికి జనం ఎగబడి వస్తారు. అన్నిటికన్నా పేరున్నది ఒక వంటిల్లు. అందులో బల్ల మీద రెండు సూప్ గిన్నెలు, రాయిలా బిగిసిన రొట్టెముక్క. ఊరు ఖాళీ అయిన నాటి ఎంగిలి. దాని ఫోటో క్యాలెండర్లకి కూడా ఎక్కింది.

టూర్ల కంపెనీ ఆ ఇంట్లో కాఫీ హోటల్ పెడదామంటోంది. యెవ్సేయ్ వల్లకాదన్నాడు. ఆ గిన్నెలు కడగాలంటే ముందు తన శవాన్ని కడగాలన్నాడు. ఊరు ఖాళీ అయిన నాటి నుంచీ చేస్తున్న కాపలా ఉద్యోగం పోతుందని ముసలాడి బెంగ, అనుకున్నారు అందరూ. ఏదో ఒకటి తేల్చడానికి ఇవాళ పండితుల సంఘం వస్తోంది. వాళ్ళు చరిత్ర అంటే గిన్నెలు ఉంటాయి. కాదంటే రేపే సబ్బునీళ్ళు.

పడవ వచ్చింది. ప్రొఫెసర్ వికెంతీ ల్వోవిచ్ దిగాడు. వెనక ఇంకో ఇద్దరు పండితులు, కంపెనీ మనిషి, కొందరు టూరిస్టులు దిగారు. అందరికన్నా ఆఖర్న, ముక్కుదాకా శాలువా చుట్టుకున్న ఒక ముసలావిడ. ఎలుగుబంట్లకి భయపడి తుపాకీ భుజానికి తగిలించుకుని యెవ్సేయ్ ముందు నడిచాడు. ఆయన కళ్ళూ చెవులూ ప్రొఫెసర్ మీదే ఉన్నాయి.

"ఏం అవ్వా, ఈ వయసులో ఇంత దూరమా?" వెనక ఉల్యానా అడిగింది.

"ఏం చెయ్యనమ్మా! ఇన్నేళ్ళూ టికెట్టడిగితే అలాంటి ఊరే లేదు పొమ్మన్నారు. ఇప్పుడు పాడుబడిందట, చూసి రమ్మని వాళ్ళే టికెట్టిచ్చారు. క్యాలెండర్లో ఆ గిన్నెలు చూశాను. నిజమో కాదో చూసి పోదామని."

వంటింట్లో తాడు కట్టి ఉంది. అందరూ తాడు ఇవతల నిలబడ్డారు.

"గని మూసేటప్పుడు రెండు ఓడలు పంపారు," యెవ్సేయ్ మొదలుపెట్టాడు. "ఆడవాళ్ళు మొదటి ఓడలో, మగవాళ్ళు రెండోదాంట్లో. మా అధికారులు ఎంత తెలివైనవాళ్ళంటే, టెలిగ్రాఫ్ యంత్రాన్ని కూడా మొదటి ఓడలోనే ఎక్కించారు. ఇక ఆడవాళ్ళు చేరిందీ చేరనిదీ ఇక్కడివాళ్ళకి చెప్పే దిక్కేదీ?"

అందరూ నవ్వారు. యెవ్సేయ్ నవ్వలేదు.

"ఈ ఇంట్లో ఎవరుండేవారు?" ప్రొఫెసర్ అడిగాడు.

"గని పనివాడొకడు, వాడి పెళ్ళాం. ఆ పూట నుంచి వీటి మీద నీటిచుక్క పడలేదండీ. నా తల మీద ఒట్టు."

ప్రొఫెసర్ కళ్ళు మూసుకున్నాడు. "సగం తాగిన సూప్! సగంలో ఆగిన సామ్రాజ్యం!"

"కాదు," అంది రెండో పండితురాలు. "కడగకపోవడం శ్రామికుడి తిరుగుబాటు."

"శూన్యం," అన్నాడు మూడో ఆయన. అంతకుమించి వివరించలేదు.

"బద్ధకం అయ్యుండొచ్చు కదండీ," అంది శాలువా ముసలావిడ.

ప్రొఫెసర్ ఆవిడ వంక జాలిగా చూసి, యెవ్సేయ్ వైపు తిరిగాడు. "మీరేమంటారు యెవ్సేయ్ కుజ్మిచ్?"

"నాకవన్నీ తెలియవు బాబూ. కడక్కూడదు, అంతే."

పండితులు మూలకి వెళ్ళి గుసగుసలాడారు. తిరిగొచ్చి ప్రొఫెసర్ గొంతు సవరించుకున్నాడు. "ఈ గిన్నెలు మానవజాతి సొత్తు. ఇకపై వీటిని కడగడం నేరం."

చప్పట్లు మోగాయి. కంపెనీ మనిషి మొహం మాడిపోయింది. యెవ్సేయ్ టోపీ తీసి దాంతోనే కళ్ళు తుడుచుకున్నాడు. ఇక తను పోయినా ఫరవాలేదు, గిన్నెలు భద్రం.

ఆయన టోపీ మళ్ళీ పెట్టుకునేసరికి శాలువా ముసలావిడ తాడు దాటి లోపలుంది. ఒక గిన్నె ఎత్తి వాసన కూడా చూస్తోంది.

"దించండి! అది చరిత్ర!" ప్రొఫెసర్ గావుకేక పెట్టాడు.

"అందుకేనా ఇంత కంపు!"

యెవ్సేయ్ తుపాకీ గోడవార పడేసి పరుగెత్తాడు. గిన్నె లాక్కోవాలని చెయ్యి చాపాడు. ఆవిడ తాపీగా శాలువా కిందికి దించి, ఆయన మొహంలోకి చూసింది.

"నేను క్షేమంగానే చేరాను యెవ్సేయ్, ఇక ఆ అంట్లు తోముకో."